పడవల మేస్త్రి కట్టిన పళ్ల పెట్టెలు

పళ్లు వేసే చెక్కపెట్టెకి బద్దకీ బద్దకీ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. లోపల గాలి ఆడాలి, కాయ ఊపిరి పీల్చుకోవాలి. అంతే సంగతి. చిన్నపిల్లలకి చెప్పినా తెలిసిపోయే ముక్క. మా నాన్నకీ తెలిసింది. ఆయన చేతులకి మాత్రం తెలియలేదు. ఆ చేతులు నలభై ఏళ్లపాటు సందులు మూసే పని చేశాయి మరి.

మా నాన్న పడవలు కట్టే మేస్త్రి. రేపల్లె కాలువ మీద ధాన్యం మోసిన పడవల్లో, పెనుమూడి రేవులో మనుషుల్ని అవతలి ఒడ్డుకి చేర్చిన పడవల్లో చాలావాటికి ఆయన చెయ్యి తగిలింది. పలకకీ పలకకీ మధ్య నూలుపీచు కూరి, గుగ్గిలం నూనెలో కాచి ఆ వేడి మీదే పూసేవాడు. ఆ వాసన ఆయన పంచెకి ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. పడవ పూర్తయ్యాక ఏటిలోకి దించే ముందు ఒక పరీక్ష ఉండేది. గట్టు మీద కర్రల మీద నిలబెట్టిన పడవలో బిందెలతో నీళ్లు పోసేవాళ్లు. తర్వాత అందరూ వంగి అడుగున చూసేవాళ్లు, ఎక్కడైనా చుక్క దిగుతుందేమోనని. చుక్క దిగిందంటే ఆ సందులో పీచు పీకి మళ్లీ కూరాలి. దిగకపోతే కొబ్బరికాయ కొట్టేవాళ్లు. మా నాన్న పడవ కింద ఎవరూ ఎక్కువసేపు వంగి చూసేవాళ్లు కాదు. నేరుగా కొబ్బరికాయకి వెళ్లిపోయేవాళ్లు.

అరవైల్లో లారీలు వచ్చాయి. కాలువ పడవలు ఒక్కొక్కటే గట్టెక్కాయి. ఎక్కినవి మళ్లీ దిగలేదు. కొన్ని అక్కడే పుచ్చిపోయాయి, కొన్ని వంటచెరుకు అయ్యాయి. మా నాన్న రోజూ పొద్దున్నే పనిముట్ల పెట్టె భుజాన వేసుకుని రేవుకి వెళ్లి, మధ్యాహ్నానికి అదే పెట్టెతో తిరిగొచ్చేవాడు. "ఏమైనా పనుందా?" అని మా అమ్మ అడిగేది. "ఉంటుందిలే," అనేవాడు. ఆ "ఉంటుందిలే" వినీ వినీ నాకు ఒళ్లు మండేది.

అప్పటికి నేను బాపట్లలో సరుగుడు కర్రల డిపోలో గుమాస్తాని. ఎస్సెల్సీ దాకా చదివాను కనక మా ఇంట్లో నేనే పెద్ద చదువరిని. నేను ఏది చెప్పినా మా నాన్న తలూపేవాడు. అది నాకు గర్వంగా ఉండేదని ఒప్పుకోవాలి.

తెనాలిలో పళ్ల కమీషన్ కొట్టున్న ఒక షావుకారు పందిరి కర్రల కోసం మా డిపోకి వచ్చేవాడు. ఒకసారి కూర్చుని గోడు వెళ్లబోసుకున్నాడు.

"బుట్టల్లో పంపుతుంటే పై బుట్ట బరువుకి కింది బుట్ట చితికిపోతోందబ్బాయ్. అవతల కలకత్తావాళ్లు చెక్కపెట్టెల్లోనే పంపమంటున్నారు. పెట్టెలు బెజవాడ నుంచి తెచ్చుకోలేక చస్తున్నాం. ఇక్కడ చేసేవాడే లేడు."

"మా నాన్న చేస్తాడండి," అన్నాను.

ఆ మాట ఎంత తేలిగ్గా అనేశానో ఇప్పుడు తలుచుకుంటే నాకే ఆశ్చర్యం. పడవలు కట్టినవాడికి పెట్టె కట్టడం ఒక లెక్కా అనుకున్నాను.

తెనాలి స్టేషనుకి గూడ్సు షెడ్డు వైపున, బియ్యం మిల్లు గోడని ఆనుకుని ఒక ఖాళీ జాగా అద్దెకి తీసుకున్నాం. అక్కడ తాటాకు పాక వేశాం. దీనికంతా మా నాన్న టేకు పలకలు అమ్మాడు. ఎప్పటికైనా సొంతానికి ఒక పడవ కట్టుకోవాలని ఏళ్ల తరబడి ఒకటొకటిగా కూడబెట్టుకున్న పలకలవి. కొన్నవాడు బండికెత్తించుకుంటుంటే నాన్న ఒక్కో పలక మీదా అరచెయ్యి రాస్తూ నిలబడ్డాడు. నేను బండివాణ్ణి తొందర పెట్టాను. బూరుగు, మామిడి దుంగలు కొని కోతమిల్లులో బద్దలు కోయించాం. మూలలకి సరుగుడు ముక్కలు. ఇద్దరు పనివాళ్లని పెట్టుకున్నాం. పెట్టెల్లో పరిచే వరిగడ్డి దులిపి కట్టలు కట్టే పని మా అమ్మ తీసుకుంది. నేను డిపో ఉద్యోగం మానేశాను. రేపల్లెలో ఇల్లు ఖాళీ చేసి ముగ్గురం తెనాలి వచ్చేశాం.

మొదటి పెట్టె చేయడానికి మా నాన్నకి మూడు రోజులు పట్టింది.

ప్రతి బద్దనీ చిత్రిక పట్టి అద్దంలా చేశాడు. మూలల దగ్గర ఒక్క మేకు కొట్టలేదు. చెక్కలో చెక్క దూర్చి బిగించాడు. మూడో రోజు సాయంత్రం పెట్టెని పాక ముందు రెండు ఇటుకల మీద పెట్టి, బిందె తెమ్మని మా అమ్మని కేకేశాడు. నేను ఏదో కడగడానికనుకున్నాను. బిందెడు నీళ్లూ పెట్టెలో పోసి, పక్కకి జరిగి, నన్ను వంగి చూడమన్నాడు.

చుక్క దిగలేదు.

పనివాళ్లు పగలబడి నవ్వారు. మిల్లు దగ్గర హమాలీలు కూడా వచ్చి చూసి నవ్వారు. "బాబాయ్, దీంట్లో మామిడికాయలు వేస్తామా, చేపల్ని పెంచుతామా?" అన్నాడొకడు. నేనూ నవ్వాను. మెచ్చుకుంటున్నామనుకుని మా నాన్నా నవ్వాడు.

రాత్రి అన్నాల దగ్గర విడమరచి చెప్పాను. "నాన్నా, సందులుండాలి. రోజుకి పాతిక పెట్టెలు తయారవ్వాలి. ఇది ఒక్కసారి వాడి పారేసే సరుకు."

"పారేస్తారా?"

"కాయలు తీసుకుని పొయ్యిలో పెట్టేస్తారు."

ఆయన ముఖం చూస్తే ఎవరో దగ్గరివాళ్లు పోయారని కబురొచ్చినట్టుంది. కాసేపు అన్నం కెలికి, "సరేరా, నువ్వు చెప్పావుగా," అని లేచిపోయాడు.

మర్నాటి నుంచి సందులు వదిలాడు. వదిలాడంటే వదిలాడు గానీ, దొంగతనం చేస్తున్నవాడిలా వదిలాడు. అయిన పెట్టెల్ని పాక వెనక పేర్చి వాటి మీద గోనెపట్టాలు కప్పేవాడు. తడవకుండా కాబోలనుకున్నాను. దారిన పోయేవాళ్లకి కనపడకుండానని తర్వాత తెలిసింది. రేపల్లె వైపు నుంచి ఎవరైనా తెలిసినవాళ్లు వస్తే పాకలోంచి బయటికొచ్చి రోడ్డు మీదే మాట్లాడి పంపించేసేవాడు. అయినా ఆ చలికాలమంతా బండి నడిచింది. సపోటాలకి చిన్న పెట్టెలు చేశాం. షావుకారు సంతోషించాడు. ఎండాకాలం మామిడి మొదలైతే మొత్తం పని మాకే ఇస్తానన్నాడు. ఆ ఒక్క సీజను గట్టెక్కితే పాక నిలబడినట్టే. లేకపోతే నాకు డిపో ఉద్యోగం లేదు, నాన్నకి రేవు లేదు.

మామిడి రావడానికి పది రోజుల ముందు నేను కలప కోసం బాపట్ల వెళ్లాను. అక్కడి ఇసుక నేలల్లో కాపు తగ్గిన తోటల్ని కొట్టేస్తున్నారు. బేరం కుదిరి, చెట్లు కొట్టించి, బళ్లకెత్తించేసరికి రెండు వారాలు దాటాయి. వెళ్లే ముందు ఒక మాదిరి పెట్టె చేసి చూరుకి వేలాడదీసి, "అచ్చం ఇలాగే ఉండాలి నాన్నా, ఏం మార్చొద్దు," అని చెప్పాను. తలూపాడు.

నేను తిరిగొచ్చేసరికి మొదటి సరుకు వెళ్లిపోయింది. వ్యాగన్ నిండా మా పెట్టెలే. పాక ఖాళీగా ఉంది. మా నాన్న గడప దగ్గర కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నాడు. ఆయన ముఖంలో అంత తృప్తి నేను రేపల్లె వదిలాక చూడలేదు. "బాగా కుదిరాయిరా," అన్నాడు. నేనూ సంతోషపడ్డాను. అలసిపోయి ఉన్నాను, వివరాలు అడగలేదు. అడిగినా ఏమయ్యేది, అప్పటికే బండి వెళ్లిపోయింది.

కలకత్తా నుంచి టెలిగ్రాం ఐదారు రోజులకి వచ్చింది. షావుకారు దాన్ని చేత్తో పట్టుకుని రిక్షాలో నేరుగా పాకకే వచ్చాడు. వెనక ఇంకో రిక్షాలో ఒక పెట్టె. వ్యాగన్‌లో పట్టక స్టేషనులో పార్సెల్ గదిలో ఉండిపోయిన పెట్టె అది.

"చూడవయ్యా, నీ పెట్టె నువ్వే చూసుకో," అని రోడ్డు మీదే దింపించాడు.

చూశాను. మాదిరి పెట్టె లాగానే ఉంది. కానీ బద్దకీ బద్దకీ మధ్య వదిలిన ప్రతి సందులోనూ ఇంకో సన్నటి బద్ద ఉంది. కత్తితో చెక్కి, చిత్రిక పట్టి, సరిగ్గా ఆ సందుకి కొలిచినట్టు దిగ్గొట్టిన బద్ద. గోరు కూడా దూరదు. మూత ఊడదీయడానికి గునపం కావాల్సొచ్చింది. తియ్యగానే వేడి ఆవిరి ముఖానికి కొట్టింది, దాని వెనకే వాసన. బంగినపల్లి కాయలు ఉడికినట్టై, నల్లబడి, గడ్డిలోకి కారిపోయి ఉన్నాయి. పైన ఈగలు ముసురుకోవడానికి ఒక్క నిమిషం పట్టలేదు.

"కలకత్తాలో మొత్తం సరుకు ఇదే వాటం. మురిక్కాలవలో పోయించారంట," అన్నాడు షావుకారు.

పనివాళ్లిద్దరూ తలొంచుకున్నారు. మిల్లు హమాలీలు చుట్టూ చేరారు. మా అమ్మ గడ్డి కట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మా నాన్న ముందుకొచ్చి పెట్టె దగ్గర కూర్చున్నాడు. ఒక కాయని చేతిలోకి తీసుకున్నాడు. అది ఆయన వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. ఏదో చెప్పబోయి నా వైపు చూశాడు.

నేను చెప్పనివ్వలేదు.

"నీకెన్నిసార్లు చెప్పాలి? ఇది పడవనుకున్నావా? పడవలకి కాలం చెల్లింది, వాటితోపాటే నీ పనికీ కాలం చెల్లింది. నీ పని ఎందుకూ పనికిరాదు. నువ్వు చెయ్యి పెట్టినదల్లా నాశనమే. ఇక నా పాకలో సుత్తి ముట్టుకోకు."

నా పాక అన్నాను. ఆయన టేకు పలకలతో లేచిన పాకని నా పాక అన్నాను. అందరూ విన్నారు. షావుకారు కూడా కాస్త ఇబ్బందిపడి, "పెద్దాయన్ని అలా అనకబ్బాయ్, జరిగిందేదో జరిగింది," అన్నాడు. ఆయన సరుకు పోయినవాడు, ఆయనకున్న పాటి నిదానం నాకు లేకపోయింది.

మా నాన్న చెయ్యి గడ్డికి తుడుచుకుని లేచాడు. లోపలికి వెళ్లి చూరులో ఉన్న తన సుత్తి, దాని పక్కనే ఉన్న చెక్క చెక్కే బాడిస, ఉలులు, చిత్రిక అన్నీ పెట్టెలో సర్దాడు. మూత వేసి మంచం కిందికి తోశాడు. కోపంగా కాదు. రోజూ సాయంత్రం సర్దుకునేవాడిలాగే సర్దాడు.

రెండు వారాలు గడిచాక మా అమ్మ చెప్పింది. అప్పుడు నేను పాక వెనక ఒంటరిగా బద్దలు ఏరుతున్నాను.

"ఆ బద్దలు ఎందుకు దిగ్గొట్టాడో అడిగావట్రా?"

"ఎందుకేంటి? సందు చూస్తే ఆయనకి నిద్ర పట్టదు."

"చలికాలంలో సపోటాల పెట్టెల్తో స్టేషనుకెళ్లాడు గుర్తుందా? అక్కడెవడో సందులో వేళ్లు పెట్టి బద్ద వంచి కాయలు లాక్కుని తింటున్నాడంట. ఈయన చూశాడంట. మా అబ్బాయి చేయించిన పెట్టెలో కాయలు పోయాయన్న మాట రాకూడదని మామిడికి అలా మూశాడు. నువ్వొచ్చేలోపు చెయ్యాలని కంటికి నిద్ర లేకుండా చేశాడ్రా."

"మరి ఆ రోజు చెప్పొచ్చుగా?"

"నువ్వు చెప్పనిస్తేగా?"

అప్పుడైనా వెళ్లి ఒక్కమాట అనాల్సింది. మా అమ్మ అలాగే చెప్పింది. "పోయి ఒక్కమాట అనరా, నీ సొమ్మేం పోయింది." పాకలోకి వెళ్లాను కూడా. ఆయన గడప పక్కన కూర్చుని, విరిగిన పెట్టెల్లోంచి పీకిన వంకర మేకుల్ని సాపు చేస్తున్నాడు. నన్ను చూసి పక్కకి జరిగి దారిచ్చాడు. అది చూసి నాకు మళ్లీ చిర్రెత్తింది. నేనేదో పరాయివాణ్ణైనట్టు దారివ్వడమేంటి అనిపించింది. ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయాను.

నేను చెప్పింది తప్పు కాదు కదా అనే మాట ఒకటి నన్ను పట్టుకుంది. కాయలు కుళ్లిన మాట నిజం. సందు మూస్తే కుళ్లుతాయన్న మాట నిజం. ఆ నిజాన్ని పట్టుకుని వేలాడుతూ ఉన్నాను, ఏళ్ల తరబడి.

షావుకారు మంచివాడు కనక పని మానిపించలేదు. మరుసటి సరుకుకి నేనే దగ్గరుండి చేయించాను. ఆ తర్వాత పాక నిలబడింది. బద్దలు చిత్రిక పట్టకుండా, వంకరగా ఉన్నా సరే, నాలుగు మేకులు కొట్టి అవతల పడేసే పెట్టెలు. ఇద్దరు పనివాళ్లు నలుగురయ్యారు. తాటాకు పోయి పెంకులు వచ్చాయి. నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఊళ్లో నన్ను పెట్టెల మేస్త్రి అనేవాళ్లు. నాకు తిన్నగా చిత్రిక పట్టడం రాదని మా నాన్నకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆయన గడప దగ్గరే కూర్చునేవాడు. మేకులు సాపు చేయడం ఆయన పని. నేనిచ్చిన పని కాదు, ఆయనే తీసుకున్నాడు. ఒక చదునైన రాయి మీద మేకు పెట్టి ఇంకో గుండ్రాయితో కొట్టేవాడు. పనివాళ్ల సుత్తి పక్కనే ఉండేది, ముట్టుకునేవాడు కాదు. ఒకసారి గుండ్రాయి జారి బొటనవేలి గోరు ఊడిపోయింది. నాకు కోపం వచ్చి బజారుకి పోయి కొత్త సుత్తి, చిన్నది, కొని తెచ్చి ఆయన పక్కన పెట్టాను. నోటితో ఏమీ చెప్పలేదు. అది క్షమాపణే అనుకున్నాను నా మటుకు నేను. నెల తర్వాత చూస్తే అది పెట్టిన చోటే ఉంది, పిడి మీద దుమ్ము. ముసలాడికి ఎంత మొండితనం అనుకున్నాను. పంతం పట్టాడు, నేను వెళ్లి కాళ్ల మీద పడితే తప్ప దిగడు అనుకున్నాను.

దసరాకి మాత్రం మంచం కింది పెట్టె బయటికి వచ్చేది. పనిముట్లన్నీ తీసి తుడిచి, కొబ్బరినూనె పూసి, పసుపు కుంకుమ బొట్లు పెట్టేవాడు. పూజ అయ్యాక కాసేపు వాటి ముందు కూర్చుని, మళ్లీ లోపల సర్దేసేవాడు. ఆ కాసేపూ మా అమ్మ నా వైపు చూసేది. నేను ఇంకెటో చూసేవాణ్ణి. అలా చూసీ చూసీ ఒక వానాకాలం జ్వరంతో ఆవిడ వెళ్లిపోయింది. కర్మకాండ పది రోజులూ నేనూ మా నాన్నా పక్కపక్కనే కూర్చున్నాం. ఇద్దరం ఏడ్చాం. ఆ పది రోజుల్లో కూడా ఆ మాట నా నోటికి రాలేదు.

డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చింది. తెనాలిలో మాకు పెంకులు లేచిపోయి, తడిసిన బద్దలు నాలుగు రోజులు ఎండబెట్టుకున్నాం, అంతే. రేపల్లె దిగువన, ఏరు సముద్రంలో కలిసే వైపు ఊళ్లకి ఊళ్లే లేకుండా పోయాయి. ఆ కబుర్లు వింటూ మా నాన్న అన్నం ముట్టేవాడు కాదు. పేపర్లో ఊళ్ల పేర్లు చదివించుకునేవాడు. ఒక్కో పేరుకీ, "అక్కడొక పడవ కట్టాను," అనేవాడు.

నెలన్నర తర్వాత రేపల్లె ప్యాసింజరు దిగి ముగ్గురు మనుషులు మా పాక వెతుక్కుంటూ వచ్చారు. చేపలు పట్టుకునేవాళ్లు. ఇద్దరు వయసువాళ్లు, ఒకాయన మా నాన్న కంటే పదేళ్లు చిన్నవాడై ఉంటాడేమో. ఎవరో దానమిచ్చిన దుప్పట్లు కప్పుకున్నారు. ఆ పెద్దాయన గడప దగ్గర మా నాన్నని చూడగానే చేతులు పట్టుకున్నాడు.

"మేస్త్రిగారూ, ఉన్నారా అండీ! ఉన్నారో లేదో అనుకుంటూ వచ్చాం. మా రేవులో పడవలన్నీ పోయినాయండి. మనుషులు కూడా... మా ఇంట్లో నలుగురు పోయారు. ఉన్నవాళ్లం బతకాలి కదండి. కలప ఇస్తామని సాయం చేసేవాళ్లు వచ్చారు, కట్టేవాళ్లు లేరు. తమరు రావాలండి."

మా నాన్న ఆయన్ని కూర్చోబెట్టి, నీళ్లు ఇప్పించి, పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే అడిగాడు. చాలాసేపు అలా అడిగాక, "నేను రాలేను బాబూ. నా పని ఇప్పుడు పనికిరాదు. ఇంకెవరినైనా చూసుకోండి," అన్నాడు.

"అదేం మాటండీ? మొత్తం రేవులో ఒక్క పడవ మిగిలిందండి. అర మైలు దూరం పొలాల్లోకి కొట్టుకుపోయింది. పక్క చెక్క లేచింది గానీ అడుగు చెక్క చెదరలేదు. మా నాన్న కోసం మీరు కట్టిందేనండి అది. దాన్ని చూశాకే మీరు గుర్తొచ్చారు."

"నా గొప్ప కాదయ్యా అది. ఏదో అదృష్టం కొద్దీ మిగిలింది," అన్నాడు మా నాన్న. వినయానికి అంటున్నట్టు లేదు. ఉన్న సంగతి చెబుతున్నట్టే ఉంది.

వాళ్లు బతిమాలారు. చెయ్యి పెట్టక్కర్లేదు, గట్టున కూర్చుని చెప్పినా చాలన్నారు. ఆయన అడ్డంగా తలూపుతూనే ఉన్నాడు. "నేను చెయ్యి పెడితే మీకే నష్టం బాబూ. ఉన్న కలప కాస్తా పాడవుద్ది," అన్నాడు.

ఇక నాకు ఆగలేదు. పనివాళ్లు నలుగురూ సుత్తులు ఆపి చూస్తున్నారు. నేను పెట్టెల మధ్య నుంచి వచ్చి ఆయన ఎదురుగా కింద కూర్చున్నాను. పదేళ్లుగా గొంతులో ఉన్నది వాళ్లందరి ముందూ బయటికొచ్చింది.

"నాన్నా, ఎందుకలా అంటావు? నీ అంత పనివాడు ఈ జిల్లాలో లేడు. ఆ రోజు నేను అన్నదంతా కోపంలో అన్నాను. ఆ మాటలు నిజం కాదు. నాది తప్పు. ఆ రోజే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. నువ్వు వెళ్లు నాన్నా."

ఆయన నా ముఖంలోకి చూశాడు. చూసి చూసి, అర్థం కానట్టుగా కళ్లు చిట్లించాడు.

"కోపంలో అన్నావా?" అన్నాడు.

"అవును నాన్నా."

"నేను నిజమే అనుకున్నానురా. చదువుకున్నోడివి, తెలిసే చెప్పుంటావనుకున్నా."

లేచి లోపలికి వెళ్లాడు. మంచం కింది పెట్టె లాగి మూత తీశాడు. బాడిస చేతిలోకి తీసుకుని, నేల మీద పడున్న సరుగుడు ముక్క మీద ఒక దెబ్బ వేశాడు. బాడిస పక్కకి పోయింది. మళ్లీ వేశాడు. మళ్లీ పక్కకే పోయింది. చెయ్యి మణికట్టు దగ్గర వణుకుతోంది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని ఆపాలని చూశాడు. వచ్చిన ముగ్గురూ తలలు దించుకున్నారు. ఆయన బాడిసని తుడిచి పెట్టెలో పెట్టి, ఆ పెట్టె మొత్తం ఎత్తి పెద్దాయన చేతుల్లో పెట్టాడు.

"పని చేసేవాడు దొరికితే వాడికివ్వండి. మంచి ఇనుము," అన్నాడు.

సాయంత్రం ప్యాసింజరుకి వాళ్లు వెళ్లిపోయారు. స్టేషను దాకా పెట్టె నేనే మోశాను. తిరిగొచ్చేసరికి మా నాన్న భోజనం చేసి నా కోసం కంచం పెట్టి ఉంచాడు. నాతో మామూలుగానే మాట్లాడాడు. ఆ తర్వాత బతికిన రెండేళ్లూ అలాగే మాట్లాడాడు. పిల్లల గురించి, వానల గురించి, ధరల గురించి. నా మీద ఆయనకి ఏనాడూ కోపం లేదని అప్పుడు తెలిసింది.

అన్నాళ్లూ ఆయన పంతం పట్టాడనే అనుకున్నాను. పంతమైతే, కోపమైతే, నేనెంత ఆలస్యంగా వచ్చినా ఏదో ఒకనాటికి తగ్గేది. ఆయన పంతం పట్టలేదు. నేను చెప్పింది నమ్మాడు.